ఏడాది ఆలస్యంగా పొంగిన పాలు

మీరు చదవబోయేది మామూలు కథ కాదు. ఇందులో రెండు ఖండాలున్నాయి, మధ్యలో ఒక మహాసముద్రం ఉంది. దేశం పోగొట్టుకున్న ఒక యువకుడున్నాడు. అతణ్ని కాపాడటానికి పోలీసు ముందు నిలబడి ఏకకంఠంతో అబద్ధం చెప్పిన ప్రజలున్నారు. చివర్లో తట్టుకోలేని విపత్తు ఉంది. గుండె నిబ్బరం లేనివాళ్లు ఇక్కడితో ఆపేయండి.

ఆపేశారా? లేదా? సరే, మీ దగ్గర దాచడమెందుకు. ఇది లీటరున్నర పాల గురించి. సముద్రాన్ని విమానంలో నిద్రపోతూ దాటాను. ఆ యువకుడు నేనే. కానీ విపత్తు మాత్రం నిజం. దాన్ని నా చేతులతో నేనే పొయ్యి మీద పెట్టాను.

మా బాపు లెక్కల పంతులు. నేను పాకుతున్న రోజుల్లోనే ఆఫ్రికాలో బోట్స్వానా అనే దేశానికి పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. అమ్మ అప్పటికే లేదు. నన్ను తిరుమలగిరిలో అవ్వ పెంచింది. నేను ఏడో తరగతిలో ఉండగా అవ్వ కూడా పోతే బాపు వచ్చి నన్ను తనతో తీసుకెళ్లాడు. కొన్నేళ్లకు ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుంటూ, రేషన్ కార్డులో రాసినంత తేలిగ్గా, తన పేరు కింద నా పేరు కూడా రాశాడు. ఆ ఒక్క గీతతో నేను భారతీయుణ్ని కాకుండా పోయానని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. లెక్కల మనిషి కదా, కూడిక ఒక్కటే చూశాడు.

బాపు పోయాక ఆ ఇంట్లో నేనొక్కణ్నే మిగిలాను. దేశం మంచిదే. మనుషులూ మంచివాళ్లే. కానీ నన్ను "ఒరేయ్ నరేందర్" అని పిలిచే మనిషి అక్కడ ఎవరూ లేరు. మా సొంత జిల్లా నల్గొండలో ఉంటారేమోనని వచ్చాను. నల్గొండలోనూ లేరు. అప్పటికే టికెట్ కొనేశాను.

పోయిన పౌరసత్వం తిరిగి అడగాలంటే ఒక షరతు ఉంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు దేశం దాటకుండా ఇక్కడే ఉండాలి. మధ్యలో బయటికి వెళ్తే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. నేను ఈ షరతును ఎంత భక్తిగా పాటించానంటే, వాళ్లు దేశం దాటొద్దన్నారు, నేను గది కూడా దాటలేదు.

గది ఒక సన్నటి గల్లీలో ఉంది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. నా పని కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడో పిల్లల కోసం లెక్కల ప్రశ్నలు రాయడం. "ఒక పని ముగ్గురు మనుషులు కలిసి చేస్తే" అని రోజుకు పాతికసార్లు రాసేవాణ్ని. ఆ ముగ్గురు ఎక్కడుంటారో, ఎలా కలుస్తారో నాకు అంతుబట్టేది కాదు. పొద్దున కుక్కర్‌లో అన్నం పెట్టేవాణ్ని. ఒక విజిల్ చాలు, కానీ మూడు వచ్చేదాకా ఉంచేవాణ్ని. ఎందుకంటారా? ఆ ఇంట్లో నాతో పాటు ఇంకో గొంతు అదొక్కటే. దాని మాట మధ్యలో ఆపబుద్ధి అయ్యేది కాదు. అన్నం మాత్రం గోడకు పోస్టర్లు అంటించడానికి పనికొచ్చేలా తయారయ్యేది.

నా ఫోనుకు క్రమం తప్పకుండా సందేశాలు వచ్చేవి. అన్నీ నాలుగంకెల రహస్య సంఖ్యలే. ఎవరితోనూ చెప్పుకోవద్దని ప్రతిదాని కిందా హెచ్చరిక. చెప్పుకోవడానికి ఎవరున్నారని?

ఇలా పన్నెండు నెలలు గడిచాయి. గోడ మీది క్యాలెండర్‌లో రోజుకొకటి చొప్పున గీతలు కొట్టి, ఒలింపిక్స్ గెలిచినవాడిలా కలెక్టరేట్‌కు వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. కిరాయి అగ్రిమెంట్ జత చేయమన్నారు. పదకొండు నెలలకొకసారి కొత్తది రాసుకోవడం మన దగ్గర ఆనవాయితీ కదా. పాతది ఓనరే తీసుకుపోయాడు. కొత్తది నీటుగా, మడత నలగకుండా ఉంది. చూపించుకోవడానికి బాగుందని మురిసిపోతూ అదే పెట్టాను. నా తెలివితేటలకు ఇది నమూనా మాత్రమే, అసలు సరుకు ముందుంది.

క్లర్కు కాగితాలు తిప్పుతూ అన్నాడు: "ఇగ ఎంక్వైరీకి మీ ఇంటికొస్తరు. చుట్టుపక్కలోళ్లను అడుగుతరు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలె. నిన్ను గుర్తుపట్టెటోళ్లు ఉన్నరు గద?"

"ఉంటరు సార్, ఏడాది సంది ఆడనే ఉంటున్న" అన్నాను ధీమాగా.

ఆ ధీమాతోనే ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, పక్కింటి యాదమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ పిలిచింది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"ఎవరూ లేదు పెద్దమ్మా. ఈ ఇల్లే."

"గా ఇంట్ల ఎవలుంటలేరు కొడుకా. ఎప్పటి సందో తలుపు ఏసే ఉంటది. కిరాయికి చూడవొచ్చినవా?"

చేతిలో తాళంచెవితో, నా సొంత గుమ్మంలో, ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదన్న సమాచారం అందుకున్నాను. అదీ ఆమె ఎంత నమ్మకంగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

"ఆఁ... కిరాయికే పెద్దమ్మా" అని గొణిగి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. అలవాటు కొద్దీ.

లోపల కూర్చుని ఆలోచించాను. ఏడాది పాటు నేను ఇక్కడ ఉన్నానని ఈ భూమి మీద ఎవరికీ తెలియదు. సాక్షులు ఇద్దరు కావాలి, నా దగ్గర ఉన్నది ఒక కుక్కరు. అది సంతకం పెట్టలేదు.

అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. మన వైపు కిరాయి ఇంట్లో దిగినా సరే, మొదటి రోజు పొయ్యి మీద పాలు పొంగించి, పరమాన్నం చేసి ఇరుగుపొరుగుకు పెడతారు. తిరుమలగిరిలో మా వాడకు ఎవరు కొత్తగా వచ్చినా అవ్వ గిన్నె పట్టుకుని నన్ను వెంటేసుకుని పోయేది. ఆ గిన్నెడు పరమాన్నంతో ఆ ఇంటివాళ్లు మాకు చుట్టాలైపోయేవాళ్లు. నేను చేయనిది అదే! ఏడాది క్రితం సూట్‌కేసు గోడకు ఆనించి, నీళ్లు తాగి పడుకున్నాను. అందుకే నేనీ గల్లీకి చుట్టాన్ని కాలేదు.

మరి ఆలస్యమైతే ఏం? ఇప్పుడు పొంగిస్తే సరి! ఇంత గొప్ప ఉపాయం నాకే తట్టినందుకు కాసేపు గదిలో అటూ ఇటూ నడిచాను.

శుక్రవారం ముహూర్తం పెట్టుకున్నాను. గల్లీ అంతా తిరిగి పిలిచాను. మనుషుల ఇళ్ల తలుపులు కొట్టడం మర్చిపోయి చాలా రోజులైంది కదా, మొదటి తలుపు కొట్టి అవతలివాళ్లు తీసేలోపే పక్కకు తప్పుకున్నాను. ఎదురింటికి మాత్రం తాళం ఉంది. అందులో రజియా ఆపా అనే ఆవిడ కుట్టుమిషన్ పెట్టుకుని ఉంటుందనీ, బిడ్డ కాన్పుకు కల్వకుర్తికి పోయిందనీ యాదమ్మే చెప్పింది.

శుక్రవారం పొద్దున యాదమ్మ, గల్లీ చివరింటి లింగయ్య సారు, ఇంకో నాలుగిళ్లవాళ్లు వచ్చారు. ఉన్నది ఒక్క కుర్చీ. అందులో లింగయ్య సారు కూర్చున్నాడు, రిటైరైన హెడ్మాస్టరు కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు. నా దగ్గర ఉన్నది కరెంటు పొయ్యి. పాలు పొంగి దాని మీద పడగానే అది కుయ్ కుయ్‌మని అరిచి ఆరిపోయింది. అందరూ నా వైపు చూశారు.

"శుభమే! పొంగినయి గద, అరిస్తే అరిసింది" అని తీర్పు చెప్పింది యాదమ్మ. తన ఇంట్లోంచి సిలిండర్ పొయ్యి తెప్పించి, నన్ను పక్కకు నెట్టి పరమాన్నం తనే వండేసింది.

"ఏ ఊరు నాయినా?" అన్నాడు లింగయ్య సారు.

"తిరుమలగిరి సార్. నడుమల ఆఫ్రికల ఉన్న."

"ఆఫ్రికనా!" యాదమ్మ గరిటె ఆపింది. "గాడ ఇండ్ల కాడికి సింహాలొస్తయట గద?"

"మా ఇంటి కాడికి మేకలొస్తుండె పెద్దమ్మా."

ఆమె ముఖంలో నిరాశ చూసి, కనీసం ఒక నక్కనైనా చెప్పాల్సిందని తర్వాత బాధపడ్డాను.

"మరి ఈడ ఎప్పుడు దిగినవ్?" అన్నాడు సారు.

పాఠకులారా, ఇక్కడ జాగ్రత్తగా చూడండి. కొండ అంచున నిలబడ్డ మనిషి ముందుకు అడుగు వేసేది ఇక్కడే. ఏడాదైందని చెప్పొచ్చు. కానీ చుట్టూ అన్ని ముఖాలు. అన్నీ నన్నే చూస్తున్నాయి, అదీ ప్రేమగా. ఏడాది మీ పక్కనే ఉండి మీ ముఖం చూడలేదని ఆ ముఖాల ముందు ఎలా చెప్పను? సిగ్గేసింది.

"గీ మధ్యనే సార్" అన్నాను.

"మంచిగ చేసినవ్, దిగంగనే పాలు పొంగిచ్చినవ్. గీ కాలపు పోరగాండ్లకు గంత తెల్వి ఏడిది?" అని సారు మెచ్చుకుని, దసరా ముందు తన బోరు మోటరును దొంగలెత్తుకుపోయిన వైనాన్ని గంటసేపు వర్ణించాడు. పరమాన్నం మీద నెయ్యి గడ్డకట్టింది. ఎవరూ లేవలేదు. ఆ గదిలో అంతమంది ఊపిరి ఒకేసారి వినడం నాకు అదే మొదలు. వాళ్లు వెళ్లాక గిన్నెలు కడగకుండా చాలాసేపు అలాగే ఉంచాను. ఎనిమిది ఎంగిలి గిన్నెలు. లెక్కపెట్టాను, రెండుసార్లు.

సరిగ్గా ఎనిమిది రోజులకు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చాడు. మామూలు బట్టల్లో, చంకలో ఫైలుతో. నేను లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చేలోపే ఆయన యాదమ్మ అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, గీ పిలగాడు నీకు ఎరుకేనా? పోలీస్ స్టేషన్ నుంచొచ్చిన."

యాదమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో నాకు అభయం కనిపించింది. "నువ్వు గమ్మునుండు కొడుకా, నేను చూసుకుంట" అన్నట్టు.

"ఎరుకే సార్. బంగారమసొంటి పిలగాడు."

"ఎన్నొద్దులాయె ఈడికొచ్చి?"

"గీ శుక్రారం గాదు, పోయిన శుక్రారం."

నేను ఒక్క అంగలో అరుగు దగ్గరికి చేరాను. "పెద్దమ్మా! ఏడాదైంది గదా!"

"నువ్వు నోరుముయ్యి బిడ్డా" అని నన్ను కసిరి, ఆయనతో అంది: "పోలీసోళ్లను జూసి బుగులుతోని ఏందో అంటుండు సార్. నా చేతులతోని పరమాన్నం వండిన. గాయిన పాలు పొంగిచ్చిననాడే దిగిండు. అంతకుముందు ఏం జరిగిందో ఆయనకు తెల్వదు."

అంతకుముందు ఏం జరిగిందో! అప్పుడు అర్థమైంది. మోటరు! పోలీసాయన మోటరు దొంగ కోసం వచ్చాడనుకుంటోంది ఈ తల్లి. దొంగతనం దసరా ముందు జరిగింది. నేను ఎనిమిది రోజుల క్రితం వచ్చినవాణ్నైతే నాకు ఏ పాపమూ అంటదు. నన్ను రక్షిస్తోంది!

ఇంతలో లింగయ్య సారు కూడా చేరాడు. "ఏంది, ఏంది సంగతి?"

"సారూ, నరేందర్ ఎప్పుడొచ్చిండో జర జెప్పుండ్రి" అంటూ యాదమ్మ కన్ను గీటింది. ఆ కన్నుగీటు కానిస్టేబుల్‌కు తప్ప గల్లీ అంతటికీ కనబడింది.

సారు గొంతు సవరించుకున్నాడు. "నేను ముప్పై ఏండ్లు హాజరు పట్టీ రాసినోన్ని. నా లెక్క తప్పదు. ఎనిమిది దినాలు. నేనడిగితే గీ మధ్యనే దిగిన్నని గాయినే చెప్పిండు."

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పినవా?"

"చెప్పిన సార్. కానీ అబద్ధం చెప్పిన."

"అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"సిగ్గయింది సార్."

ఆయన పెన్ను కాగితం మీద ఆగింది. సిగ్గయింది అనే కారణం రాయడానికి ఆ ఫారంలో గడి ఉన్నట్టు లేదు. ఫైలు తిప్పి అగ్రిమెంట్ చూశాడు. "ఇందుల గూడ నెలన్నర కిందటి తారీఖే ఉంది."

"ఇది కొత్తది సార్! పాతది ఓనర్ దగ్గరుంది!"

ఓనరుకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. గల్లీలో ఇంకో నలుగురు పోగై, ఎవరూ అడగకుండానే, ఎనిమిది రోజులు, ఎనిమిది రోజులని సాక్ష్యం చెప్పసాగారు. ఒకాయన మరింత ఉదారంగా ఆరు రోజులకు తగ్గించాడు.

నా పరిస్థితి చూడండి. బాపు పోయాక నా తరఫున ఒక్క మాట మాట్లాడినవాళ్లు లేరు. ఇప్పుడు ఒక గల్లీ మొత్తం నా కోసం పోలీసుతో వాదిస్తోంది. వాళ్లు వాదించిన కొద్దీ నా పన్నెండు నెలలు కరిగిపోతున్నాయి. క్యాలెండర్ మీది గీతలన్నీ ఒక్కొక్కటే లేచి వెళ్లిపోతున్నట్టుంది. గట్టిగా ఖండించాలి, నాకు తెలుసు. కానీ ఇంకాసేపు వాదిస్తే బాగుండనిపించింది. అంత సిగ్గులేనివాణ్ని.

ఆ క్షణంలో గల్లీ మొదట్లో ఆటో ఆగింది. రెండు సంచులతో, ఒక ప్లాస్టిక్ డబ్బాతో రజియా ఆపా దిగింది. కల్వకుర్తి నుంచి ఎండలో వచ్చిన చిరాకంతా ముఖంలో ఉంది.

"ఏందిది, దావతా? నా తలుపుకు అడ్డం జరుగుండ్రి!"

"గిది సాక్ష్యం ఆపా" అంది యాదమ్మ. "గీ పిలగాడు మొన్ననే దిగిండని చెప్తున్నం. నువ్వు గూడ చెప్పు జర."

రజియా ఆపా సంచులు కింద పెట్టింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మొన్న దిగుడేంది? గీయన మూడు విజిల్సోడు గద!"

"ఎవలు?" అన్నాడు కానిస్టేబుల్.

"అరే సార్, ఏడాది పైనే అయితాంది. పొద్దుగాల ఏడింటికి కుక్కర్ మూడు విజిల్స్ కొడ్తది. గవి ఇని నేను మిషన్ మీద కూసుంట. ఉన్నది ఒక్క మనిషి, మూడు విజిల్సేందిరా అని మా ఇంట్ల రోజు నవ్వుకుంటం. మోటరు పోయిన దినాలల్ల మూడొద్దులు విజిల్ రాలే. ఫికరై తలుపు కాడికొచ్చి చెవి పెట్టిన. లోపల దగ్గుతుండు. బతికే ఉన్నడని ఇంటికి మర్లిపోయిన."

నాకు ఆ జ్వరం గుర్తుంది. ఆ మూడు రోజులూ నేను చచ్చినా ఎవరికీ తెలియదని పడుకుని లెక్కలు వేసుకున్నాను. తలుపుకు అవతల చెవి ఉందని నాకేం తెలుసు?

"మరి తలుపు కొట్టకపోయినవా ఆపా?" అన్నాను.

"నువ్వు ఎవలతోని మాట్లాడవు గద బేటా. నీకు ఇష్టం లేదేమో అనుకున్న."

ఆపా సంచులు నేనే ఎత్తి ఆమె గుమ్మంలో పెట్టాను. ఇక్కడ కథ ముగిసి ఉంటే నేను కన్నీళ్ల రచయితగా పేరు తెచ్చుకునేవాణ్ని. కానీ యాదమ్మ చేతివేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్క దసరా దగ్గర ఆగింది. ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"అయితే బిడ్డా... సారు మోటరు పోయిన్నాడు నువ్వు ఈడనే ఉన్నవన్నట్టు."

లింగయ్య సారు కళ్లజోడు సర్దుకున్నాడు. "మరి ఏడాది సంది ఉంటే, గీ మధ్యనే దిగిన్నని నాకెందుకు చెప్పినవ్ నాయినా?"

గల్లీ మొత్తం ఒక అడుగు వెనక్కి జరిగింది. ఇందాక ఆరు రోజులన్న ఆయన రెండడుగులు జరిగాడు.

"మోటరేంది?" అన్నాడు కానిస్టేబుల్, తల పట్టుకుని. "నేను మోటరు కోసం రాలే! గీయన మన దేశంల ఉంటనని అర్జీ పెట్టుకున్నడు, గందుకొచ్చిన."

"గందుకా? గిది ముందుగాల చెప్పొద్దా సార్!" అని యాదమ్మ ఆయన్నే తప్పుపట్టింది. "ఉండనియ్యుండ్రి, మంచి పిలగాడు."

"సార్, మరి నా ఏడాది?" అన్నాను ఏడుపు గొంతుతో. "రజియా ఆపా మాట రాసుకోండ్రి సార్. విజిల్ సంగతి..."

ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. "తమ్మీ, దేశంల ఎన్నొద్దుల సంది ఉన్నవో నీ పాస్‌పోర్ట్ మీద ఎయిర్‌పోర్టోళ్లు కొట్టిన ముద్ర చెప్తది. గా ముద్ర ఫైల్లనే ఉంది. నేనొచ్చింది నువ్వు ఈ ఇంట్ల ఉంటున్నవా లేదా చూడనీకి. ఉంటున్నవ్. గల్లీ గల్లీకే ఎరుకైనవ్. ఇద్దరు సంతకం పెట్టుండ్రి, నేను పోవాలె."

యాదమ్మ, రజియా ఆపా సంతకాలు పెట్టారు. లింగయ్య సారు మాత్రం మోటరు సంగతి తేలేదాకా తటస్థంగా ఉంటానన్నాడు.

ఆ తర్వాత కాగితం చాలా నెలలు తిరిగింది. చివరికి కలెక్టరేట్‌లో నిలబెట్టి నాతో ప్రమాణం చేయించారు. ఇంటికొచ్చి రెండో ప్రమాణం నేనే చేసుకున్నాను, కుడిచెయ్యి కుక్కరు మీద పెట్టి: ఈ దేశ పౌరుడినైన నేను, ఇకపై ఏ ఇంట్లో దిగినా దిగిన రోజే, ఇంకా సూట్‌కేసు విప్పకముందే, పాలు పొంగిస్తాను. ఎప్పుడొచ్చావని ఎవరడిగినా తారీఖు, టైముతో సహా చెబుతాను. సిగ్గుపడను. జ్వరమొస్తే తలుపు గడియ పెట్టను. విజిల్స్ మాత్రం మూడే.

కుక్కరు ఇంకా వేడిగా ఉండటంతో ప్రమాణం కొంచెం తొందరగా ముగించాల్సి వచ్చింది.

అన్నట్టు, లింగయ్య సారు మోటరును ఎవరూ ఎత్తుకుపోలేదు. కాయిల్ కాలిపోతే ఆయన అల్లుడే విప్పి వైండింగ్ దుకాణంలో ఇచ్చి, చెప్పడం మర్చిపోయి దుబాయ్ వెళ్లిపోయాడు. ఇప్పుడు బిగించారు. సారు గల్లీ అంతటికీ, నాక్కూడా, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నీళ్లు వదులుతాడు.